మాస్టారి పక్కన చోటు

“ఈ ఫోటోలోంచి ఒక మనిషిని తీసెయ్యాలండి. అవుద్దా?”

శారోన్ కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పకుండానే, “ఆయ్, అవుద్దండి. ఎవర్ని?” అంది.

“నన్ను.”

అప్పుడు తలెత్తింది.

బయట అమలాపురం గడియార స్తంభం సెంటరంతా ఆగస్టు వానలో తడిసి ముద్దవుతోంది. గుమ్మంలో నిలబడ్డ మనిషికి గొడుగు లేదు. జుట్టులోంచి నీళ్ళు కారి చొక్కా కాలర్లోకి పోతున్నాయి. చేతిలోని ఫోటో ఫ్రేము మీద మాత్రం ఒక్క చుక్క కూడా పడలేదు. దానికి తువ్వాలు చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు తొడిగి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి ఆనించుకుని తెచ్చాడు.

ఎడమ కంటి కింద పుట్టుమచ్చ. కుడి కనుబొమలో చిన్న గాటు. ఆ గాటుని చెరిపెయ్యాలా ఉంచాలా అని ఒకప్పుడు చాలాసేపు తర్జనభర్జన పడింది శారోన్. చివరికి ఉంచేసింది.

“మీరు శివకోడు ఏలీయా మాస్టారి అబ్బాయి కదండీ? శ్యామ్ బాబు గారు.”

అతను తడబడ్డాడు. “నేను మీకెలా తెలుసండి?”

“ఇప్పటికి మూడుసార్లు అతికించేనండి మిమ్మల్ని. మీ చెల్లెలి పెళ్ళిలో ఒకసారి, వాళ్ళ పాప బాప్తిస్మంలో ఒకసారి. మూడోది ఇదే అయ్యుంటది.” ఆగి, అతన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసింది. “కానీ మీరు అంత ఎత్తు లేరేంటండీ?”

“అంటే?”

“అయిదడుగుల పది అంగుళాలని మా మావయ్యకి చెప్పేరు ఫోన్లో. దాన్ని బట్టే నిలబెట్టేను. ఇప్పుడు చూస్తే రెండంగుళాలు తక్కువున్నారు.”

శ్యామ్ బాబు ముఖం ఎర్రబడింది. “బూట్లతో కలిపి చెప్పేనండి.”

శారోన్‌కి నవ్వొచ్చింది. కానీ అతను తువ్వాలు విప్పి ఫ్రేము బల్ల మీద పెట్టిన తీరు చూసి, ఆ నవ్వు పెదాల దాకా రాకుండానే ఆగిపోయింది.

ఆ స్టూడియో శారోన్ మేనమామ తాతబ్బాయిది. ముప్ఫై ఏళ్ళుగా నడుస్తోంది. కోనసీమలో ఏ ఇంటి వేడుక చూసినా ఎవరో ఒకరు గల్ఫ్‌లో ఉండిపోతారు. అన్న లేని పెళ్ళి, తండ్రి లేని మొదటి పుట్టినరోజు, మొగుడు లేని గృహప్రవేశం. గ్రూప్ ఫోటో దిగేటప్పుడు రానివాళ్ళ కోసం పక్కన చోటు వదులుతారు. తర్వాత వాళ్ళు అక్కణ్ణించి పంపిన ఫోటోని స్టూడియోలో ఆ చోట్లో కలుపుతారు. ఇప్పుడు ఫోన్లలో అందరూ ఆ పని చేసుకుంటున్నారు గానీ, అలా కలిపిన మనిషి గోడకి అంటించిన పోస్టర్‌లా ఉంటాడు. శారోన్ కలిపితే తల్లి కూడా కనిపెట్టలేదు. అందుకే రాజోలు నుంచి, కొత్తపేట నుంచి కూడా వెతుక్కుని వస్తారు.

“బాగా రాలేదాండీ?” అడిగింది.

“బాగా వచ్చింది. అదేనండి నా బాధ.”

ఫోటోలో కొబ్బరితోట ముందు పాతికమంది ఉన్నారు. మధ్యలో కుర్చీలో అతని తల్లి కృపావతి గారు. ఆవిడ వెనక ఏలీయా మాస్టారు నోరారా నవ్వుతూ, పక్కనున్న కొడుకు భుజం మీద చెయ్యేసి నిలబడ్డారు.

“ఇది మా అమ్మా నాన్నల నలభయ్యో పెళ్ళిరోజు నాటిది” అన్నాడు శ్యామ్ బాబు. “కిందటేడు. ఆ తర్వాత రెండు నెల్లకే నాన్న పోయేరు. నాకు కబురందేసరికి మా ప్లాంటులో షట్‌డౌన్ పనులు జరుగుతున్నాయి. సెలవు ఇచ్చేసరికి సమాధి కార్యక్రమం అయిపోయింది. వారం ఉండి మళ్ళీ వెళ్ళిపోయేను. ఇప్పుడొచ్చేను కదా, ఇంటికొచ్చే ప్రతివాళ్ళూ ఈ ఫోటో చూసి, ‘పోన్లే నాయనా, ఆఖరికి నీ భుజం మీద మీ నాన్న చెయ్యి పడింది, అదృష్టవంతుడివి’ అంటున్నారండి. నేను ఆయ్ అంటున్నాను. ఏవనాలి మరి? నేనా రోజు దోహాలో సామాన్ల స్టోరులో ఉన్నాను. అబద్ధం రోజూ గోడ మీంచి చూస్తా ఉంటే అన్నం సయించట్లేదు.”

శారోన్ ఫ్రేముని తనవైపు తిప్పుకుంది.

“అమ్మగారు ఒప్పుకున్నారా?”

“అద్దం పగిలిందని చెప్పి తెచ్చేను.”

“అద్దం బాగానే ఉంది కదండీ.”

“దార్లో పగలగొడదామనుకున్నాను. చేతులు రాలేదు.”

శారోన్ లేచి అతనికి కుర్చీ వేసింది. తర్వాత కంప్యూటర్లో పాత ఫైలు వెతుకుతూ, “మిమ్మల్ని తీసేస్తే అక్కడ ఖాళీ ఉండదండి” అంది.

“మరి?”

“నేనుంటాను.”

అసలు ఫోటో తెరమీదకి వచ్చింది. అదే కొబ్బరితోట. అదే పాతికమంది. మాస్టారి పక్కన పసుపు చుడీదార్‌లో, రెండు ఇటుకల మీద బ్యాలెన్సు చేసుకుంటూ, నవ్వు ఆపుకోలేక నిలబడ్డ శారోన్. మాస్టారి చెయ్యి ఆమె భుజం మీద ఉంది.

“గాల్లో చెయ్యి పెట్టమంటే ఎవరూ పెట్టలేరండి. బిగుసుకుపోద్ది” అంది శారోన్, మెల్లిగా. “భుజం నిజంగా ఉంటేనే చెయ్యి బరువుగా వాలుద్ది. అందుకని మావయ్య కెమెరా పట్టుకుంటే, మీ బదులు నేను నిలబడ్డాను.”

శ్యామ్ బాబు తెరకి దగ్గరగా జరిగాడు. తండ్రి ముఖాన్ని చూస్తున్నాడు. ఆ నవ్వు అతని ఫ్రేములోనూ ఉంది. కానీ ఇప్పుడే అర్థమైనట్టుంది, ఆ నవ్వు పక్కన నిజంగా ఎవరో ఉన్నందుకు వచ్చిన నవ్వని.

“ఎందుకంత నవ్వుతున్నారండి నాన్న?”

“నేను ఇటుకల మీద ఊగుతున్నానని. ‘ఒరేయ్ శ్యామూ, ఖతార్లో తిండి పెట్టట్లేదేంట్రా, ఇలా బక్కచిక్కిపోయేవు’ అన్నారు నాతో. అందరూ పడీపడీ నవ్వేరు.”

అతను నవ్వాడు. నవ్వుతూనే తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. వాన నీళ్ళే అయ్యుండొచ్చు.

వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆగాడు. “ఫ్రేము అలాగే ఉండనివ్వండి. అమ్మకి కావాలి. నాకు ఈ అసలుది ఒక ప్రింటు వేసివ్వండి.”

శారోన్ గొంతు మారింది. “నా ఫోటో మీ ఇంట్లో ఎందుకండీ?”

“మీ ఫోటో అని ఎవరన్నారండి? అది మా నాన్న ఫోటో.”

“పక్కన నేనున్నాను కదా. ఊళ్ళో ఎవరైనా చూస్తే ఏవనుకుంటారు?”

“మీరు పక్కనుంటే నేనేం చెయ్యనండి? నేను నిలబెట్టేనా?”

“ఆయ్, మీకోసమే కదా నిలబడ్డాను!”

ఆ మాట అనేసిన తర్వాత అది ఎలా వినిపించిందో శారోన్‌కి తెలిసింది. గబగబా తలదించుకుని కీబోర్డు మీద ఏదో నొక్కింది. కంప్యూటర్ ఠప్‌మని ఆగిపోయింది.

*

ప్రింటు తీసుకోవడానికి ఒకసారి వచ్చాడు. దానికి ఫ్రేము కట్టించడానికి ఇంకోసారి వచ్చాడు. తర్వాత పాస్‌పోర్టు ఫోటోలకి వచ్చాడు. అవి అయిపోయాయని మళ్ళీ వచ్చాడు.

“ఈ అబ్బాయికి ఎన్ని పాస్‌పోర్టులున్నాయే?” అన్నాడు తాతబ్బాయి, అతను మెట్లు దిగుతుండగానే.

“నాకేం తెలుసు మావయ్యా?”

“నీకు తెలీదులే. నీకేవీ తెలీదు” అని ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ లోపలికి పోయాడు.

సెప్టెంబరులో క్రిస్టీనా, అంటే శ్యామ్ బాబు చెల్లెలు, తను పనిచేసే స్కూలు టీచర్లందరితో కలిసి ఓడలరేవు బీచ్‌కి వెళ్తూ గ్రూప్ ఫోటోకి శారోన్‌ని పిలిచింది. డ్రైవరు రాలేదన్న సాకుతో వ్యాను నడపడానికి శ్యామ్ బాబు వచ్చాడు. డ్రైవరు ఎందుకు రాలేదో క్రిస్టీనా ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం వ్యాను దిగగానే టీచర్లందరూ ఫోటోకి సిద్ధమైపోయారు. శారోన్ కెమెరా బ్యాగు తెరవనే లేదు.

“ఇప్పుడు కాదండి. నడినెత్తిన ఎండుంటే కళ్ళ కింద గుంటలు పడతాయి. భోజనాలు చేసి ఆడుకోండి. పొద్దు వాలేక తీస్తాను.”

“అయితే ఆ సరుగుడు చెట్ల కింద నీడుంది కదమ్మా, అక్కడ తీసెయ్” అంది ఒక పెద్దావిడ.

“ఆ నీడ చిల్లుల నీడండి. ముఖాల మీద మచ్చలు మచ్చలుగా పడి, అందరికీ అమ్మవారు పోసినట్టుంటారు.”

అందరూ నవ్వి వదిలేశారు. శ్యామ్ బాబు మాత్రం అక్కడే ఇసకలో కూచుని, ఆమె ఏం చేస్తుందో చూస్తూ ఉండిపోయాడు. సాయంత్రం శారోన్ పనిలోకి దిగింది. సూర్యుడు వాళ్ళ వీపు వైపు ఒక పక్కగా ఉండేట్టు తిప్పింది. అప్పుడెవరూ కళ్ళు చిట్లించలేదు. వరస తిన్నగా నిలబడితే, చివర్లని కొంచెం ముందుకి రప్పించి కొడవలిలా వంచింది.

“ఎందుకండీ వంకరగా?” అడిగాడు శ్యామ్ బాబు.

“చివరున్నవాళ్ళు మసకబారతారు ఈ లెన్సులో. ఆ చివర ఉన్న సత్యశ్రీ టీచరు గారు ఇంటికెళ్ళి ఏడుస్తారు. ఇప్పుడందరూ నాకు ఒకే దూరంలో ఉన్నారు.”

“మరి స్టూలెందుకు?”

“కింద నుంచి తీస్తే సముద్రం గీత అందరి మెడల్లోంచి పోద్ది, కోసినట్టు. పైనుంచి తీస్తే ఆ గీత తలల పైకి పోద్ది, వెనక ఇసకే ఉంటది. వెనక వరస ముఖాలూ కనపడతాయి.” స్టూలెక్కి, అరిచింది. “చేతులు వేలాడదీయకండి! మధ్యలో సందులు ఉండకూడదు. భుజం వెనక భుజం. దగ్గరగా! ఇంకా దగ్గరగా! మీరందరూ ఒకరికొకరు తెలుసు కదండీ?”

వాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతూ నవ్వారు. ఆ నవ్వులో నొక్కింది.

తర్వాత టీచర్లు వ్యాను వైపు నడుస్తుండగా, శ్యామ్ బాబు స్టూలు మోస్తూ ఆమె పక్కన నడిచాడు. దూరంగా గ్యాస్ ప్లాంటు దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.

“అక్కడా ఇవే దీపాలండి” అన్నాడు. “సాయంత్రం గదికి వెళ్తా ఉంటే ఇలాగే కనిపిస్తాయి. ఒక్కోసారి కళ్ళు మూసుకుని ఓడలరేవు అనుకుంటాను.”

శారోన్ కెమెరా బ్యాగు భుజం మార్చుకుంది. తర్వాత, “మీకొక మాట చెప్పలేదండి ఆ రోజు” అంది. “చెప్పొచ్చో లేదో తెలీక.”

“ఏంటండీ?”

“ఫోటో అయిపోయేక మాస్టారు నా భుజం మీంచి చెయ్యి వెంటనే తియ్యలేదు. ‘అమ్మాయ్, వాడు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేనెప్పుడూ వాడి భుజం మీద చెయ్యెయ్యలేదు’ అన్నారు. ‘బళ్ళో పంతుల్ని కదా, ఇంట్లో కూడా పంతుల్లాగే ఉన్నాను. వాడు నన్ను చూసి లేచి నిలబడేవాడు గానీ దగ్గరికొచ్చేవాడు కాదు. ఈసారి వస్తే వేస్తాను. ఈలోగా ఫోటోలో అయినా వెయ్యనీ’ అన్నారు.”

శ్యామ్ బాబు స్టూలు కింద పెట్టాడు. సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. శారోన్ అతని ముఖం చూడలేదు. చూడకూడదనుకుంది. కెమెరా లెన్సు మీద పడని ఇసకని చాలాసేపు తుడిచింది.

“అయితే అది పూర్తిగా అబద్ధం కాదన్నమాట” అన్నాడు చివరికి.

“చెయ్యి నిజమేనండి.”

వ్యాన్లోంచి క్రిస్టీనా హారన్ కొట్టింది. కానీ గట్టిగా కొట్టలేదు.

*

అక్టోబరులో అతని సెలవు అయిపోవచ్చింది. వెళ్ళడానికి నాలుగు రోజుల ముందు మళ్ళీ పాస్‌పోర్టు ఫోటోకి వచ్చాడు. తాతబ్బాయి మాటాపలుకూ లేకుండా చెప్పులేసుకుని టీ కొట్టుకి వెళ్ళిపోయాడు.

శారోన్ లైటు సరిచేసి, “గడ్డం కొంచెం దించండి” అంది.

“నన్ను పెళ్ళి చేసుకుంటారాండీ?”

క్లిక్‌మంది. చెయ్యి దానంతటదే నొక్కేసింది.

“కదిలిపోయింది” అంది శారోన్.

“నేను కదల్లేదండి.”

“నేను కదిలేను.”

కెమెరా పక్కన పెట్టి ఆమె ఎదురు స్టూలు మీద కూచుంది. ముఖంలో కోపం లేదు, సిగ్గూ లేదు. ఏదో చాలాకాలంగా ఆలోచించి పెట్టుకున్న మనిషిలా ఉంది.

“మా నాన్న ఇరవయ్యేళ్ళు మస్కట్లో డ్రైవరుగా చేసేరండి. మా ఇంట్లో ప్రతి గ్రూప్ ఫోటోలోనూ ఉంటారు. నా పదోక్లాసు పార్టీలో ఉన్నారు, అమ్మమ్మ పోయినప్పుడు ప్రార్థన కూడికలో ఉన్నారు. అన్నీ మావయ్య అతికించినవే. ఇప్పుడు పూర్తిగా వచ్చేసేరు. మంచినీళ్ళు కావాలన్నా మా అమ్మని ‘తీసుకోవచ్చా’ అని అడుగుతారు. మా ఇంట్లో మా నాన్న చుట్టమండి. మంచి చుట్టం. గొడవ పెట్టరు. అన్నం పెడితే తింటారు.” ఆగింది. “రోజూ నేను చేసే పని ఇదే కదా. ఎంతమంది ఆడవాళ్ళు చోటు వదిలి నిలబడ్డం చూసేనో. ఆ చోటు పక్కన నేను నిలబడలేనండి.”

“నేను నచ్చలేదా?”

“ఆ మాట నేనన్లేదు.”

శ్యామ్ బాబు చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. “ఏప్రిల్ దాకా కాంట్రాక్టు ఉందండి. మధ్యలో మానేస్తే నన్ను అక్కడ పెట్టించినాయనకి మాటొస్తది. అది పూర్తిచేసి వస్తాను. వచ్చేసేక వెళ్ళను.”

“అందరూ అలాగే అంటారండి.”

“నిజమే. అంటారు.” అతను లేచాడు. “ఎదురు చూస్తానని చెప్పరా?”

“చెప్పనండి.”

“మరి ఏం చెప్తారు?”

శారోన్ కెమెరా మళ్ళీ చేతిలోకి తీసుకుంది. “ఏ ఫంక్షనుకైనా సరే, మీ ఫోటో పంపకండి. పంపినా ఇంక అతికించను.”

అతను గుమ్మం దగ్గర తలూపాడు. మెట్ల మీద తాతబ్బాయి రెండు టీలు పట్టుకుని ఎదురొచ్చాడు. అమ్మాయి ముఖం చూసి, ఆ రెండు టీలూ తనే తాగాడు.

*

నవంబరులో ఒక ఆదివారం సాయంత్రం స్టూడియో ఫోన్ మోగింది.

“వానొస్తందాండీ అక్కడ?”

శారోన్ గుమ్మంలోంచి బయటికి చూసింది. “వస్తందండి. మీకెలా తెలుసు?”

“ఊరికే. అడగడానికి ఇంకేం లేక.”

ఆ తర్వాత ప్రతి ఆదివారం అడగడానికి ఏదో ఒకటి దొరికేది. ఎక్కువగా, ఆ వారం ఎవరి గ్రూపు తీసిందని అడిగేవాడు. శారోన్ చెప్పేది. ఐ.పోలవరంలో రొయ్యల చెరువు గట్టు మీద నలుగురు అన్నదమ్ముల కుటుంబాలు దిగాయని, వాళ్ళలో ఇద్దరికి మాటల్లేవని, వాళ్ళ మధ్య సందు మూయించడానికి తను పడ్డ తిప్పలన్నీ చెప్పేది. “చివరికి ఏం చేసేరండి?” అని అడిగితే, “వాళ్ళమ్మని తెచ్చి మధ్యలో కూచోబెట్టేను” అంది. అవతల అతను నవ్విన నవ్వు ఆ రాత్రంతా ఆమె చెవిలో ఉండిపోయింది.

ఫిబ్రవరిలో ఫోన్‌కి ఒక ఫోటో వచ్చింది. ఇసక రంగు గోడ ముందు ఆరుగురు మగాళ్ళు, సాయంత్రపు ఎండ వెనక పక్కగా, వరస కొడవలిలా వంగి, భుజాలు కలిపి నవ్వుతున్నారు. ఒక్కరి ముఖం మీదా నీడ లేదు.

“మా గదివాళ్ళు. మీరు చెప్పినట్టే తీసేను. బాగుందాండీ?” అన్నాడు ఫోన్లో.

“చాలా బాగుంది. మీరెక్కడున్నారు ఇందులో?”

“నా ఫోటో పంపొద్దన్నారు కదండీ. ఇందులో నేను లేను.”

శారోన్ ఫోన్ చెవి దగ్గర్నించి తీసింది. ఆ ఫోటో మళ్ళీ చూసింది. ఆరుగురూ కెమెరా పట్టుకున్న మనిషిని చూసి నవ్వుతున్నారు. వాళ్ళకి అతనంటే ఎంతిష్టమో వాళ్ళ కళ్ళలో ఉంది. ఆ సాయంత్రం ఆమె ఆ ఫోటోని ఎన్నిసార్లు తెరిచిందో ఎవరికీ చెప్పలేదు.

*

ఏప్రిల్ ఆఖరులో కృపావతి గారికి అరవై నిండాయి. పిల్లలు పట్టుబట్టి శివకోడులో చిన్న కూడిక పెట్టారు. మాస్టారు పోయాక ఆ ఇంట్లో మొదటి వేడుక. సాయంత్రం నాలుగింటికి ప్రార్థన, తర్వాత కేకు, ఆ తర్వాత తోటలో గ్రూప్ ఫోటో. శ్యామ్ బాబు ఆ మధ్యాహ్నానికే చేరాలి.

చేరలేదు. కేకు కోస్తుండగా ఫోన్ వచ్చింది. జొన్నాడ దగ్గర హైవే మీద లారీ అడ్డం తిరిగిందట. బస్సు కదలడం లేదట.

కొబ్బరితోటలో సాయంత్రం తొందరగా అయిపోతుంది. ఆకాశం ఇంకా తెల్లగానే ఉంటుంది గానీ, చెట్ల కింద వెలుతురు ఎవరో నీళ్ళు తోడేసినట్టు తగ్గిపోతుంది. అది శారోన్ కంటే బాగా ఎవరికీ తెలీదు.

“తీసెయ్యవే” అన్నాడు తాతబ్బాయి. “ఇంకో పావుగంటలో ఏవీ మిగలదు.”

“చూద్దాం మావయ్యా.”

చుట్టాలు వరసల్లో నిలబడి నిలబడి గొణగడం మొదలెట్టారు. చివరి బస్సు పోతుందని ఒకరు, పాపకి నిద్రొస్తోందని ఒకరు.

కృపావతి గారే అన్నారు, “పోన్లేమ్మా, వాడికి చోటు వదిలి తీసెయ్. నువ్వు తర్వాత కలిపేస్తావు కదా. ఎప్పుడూ చేసేదేగా.”

“వద్దండి, అమ్మగారూ” అంది శారోన్. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “ఈసారి చోటు వదలను. వస్తారు. వచ్చేదాకా ఉందాం.”

“వెలుతురో?”

“పోతే పోనివ్వండి.”

తాతబ్బాయి నోరు తెరిచాడు. పన్నెండేళ్ళుగా ఆ పిల్ల వెలుతురు కోసం పెళ్ళికూతుళ్ళని పీటల మీంచి లేపింది, పాస్టర్ల ప్రసంగాలు ఆపింది. తెరిచిన నోరు మూసుకుని ఆయన వెళ్ళి మడతకుర్చీలో కూచున్నాడు.

చెట్ల కింద చీకటి పడింది. కొందరు నిజంగానే బస్సుకి వెళ్ళిపోయారు. శారోన్ గేటు దగ్గర నిలబడింది. ఏం చేస్తున్నానో తనకి తెలుసు. అక్టోబరులో చెప్పనన్న మాటని ఇప్పుడు ఇంతమంది ముందు నిలబడి చెబుతోంది. అయినా అక్కణ్ణించి కదల్లేదు.

కాలవ గట్టు మీద ఆటో దీపం కనిపించింది.

శ్యామ్ బాబు బ్యాగుతో దిగాడు. చొక్కా నలిగిపోయి, కళ్ళు పీక్కుపోయి ఉన్నాడు. గేటు దగ్గర ఆమెని చూసి ఆగిపోయాడు.

“ఫోటో అయిపోయిందాండీ?”

“లేదండి.”

“ఎందుకని?”

“మీరు లేరు కదండీ.”

అతనికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఆకాశం వైపు చూశాడు. తోట వైపు చూశాడు. వరండాలో ట్యూబ్‌లైటు కింద అలిసిపోయి కూచున్న తన వాళ్ళందర్నీ చూశాడు. ఆమె వైపు తిరిగేసరికి అతని ముఖంలో ప్రయాణపు అలసట ఎక్కడికో పోయింది.

“ఓడలరేవు ప్లాంటులో స్టోర్స్‌లో చేరుతున్నానండి, వచ్చే నెల” అన్నాడు. “కాంట్రాక్టు ఉద్యోగమే. అక్కడంత ఇవ్వరు. ఫోన్లో చెప్పాలనుకున్నాను. వచ్చి చెప్తేనే నమ్ముతారనిపించింది.”

“నమ్మేనండి” అంది శారోన్. “మీరు రాకముందే.”

ఫోటో వరండాలోనే దిగారు. క్రిస్టీనా పాప తండ్రి భుజం మీద నిద్రపోయింది. ఒక పెద్దమ్మ బస్సు పోయినందుకు మూతి ముడుచుకుని కూచుంది. శారోన్ కెమెరా తీసుకోబోతుంటే కృపావతి గారు ఆమె చెయ్యి పట్టుకున్నారు.

“నాకు ఫోటోల సంగతి తెలీదమ్మా. కానీ నువ్వు గేటు దగ్గర నిలబడ్డం చూసేను. మీ మావయ్య తీస్తారులే. నువ్విటు రా.”

“నేనెందుకండీ అమ్మగారూ...”

“రమ్మన్నానా!” అని తన పక్కనే నిలబెట్టుకుని, ఆవిడ తాతబ్బాయి వైపు తిరిగారు. “ఏవండీ తాతబ్బాయి గారూ, మీ అమ్మాయిని మా వాడికిస్తారా? మీరొకసారి వాళ్ళ నాన్నగారితో మాట్లాడండి. లేకపోతే నేనే వస్తాను అమలాపురం.”

“ఆయ్, తప్పకుండా మాట్లాడతానమ్మా” అన్నాడు తాతబ్బాయి కెమెరా వెనక నుంచి. “ముందు నన్ను కొంచెం ఫోకస్ చేసుకోనివ్వండి. ఎందుకో అంతా మసకగా కనిపిస్తంది.”

ఎవరూ నవ్వమని చెప్పకుండానే అందరూ నవ్వారు. మూతి ముడుచుకున్న పెద్దమ్మ కూడా.

మర్నాడు స్టూడియోలో తాతబ్బాయి ఆ ఫోటో తెరిచి నిట్టూర్చాడు. ట్యూబ్‌లైటు కింద ముఖాలన్నీ పచ్చగా, కొంచెం గరుకుగా వచ్చాయి. అన్నిటికంటే ఘోరం, శారోన్ కళ్ళు మూసుకుని ఉంది. తీసిన నాలుగింటిలోనూ మూసుకునే ఉంది.

“ఊళ్ళో అందరి కళ్ళూ తెరిపిస్తావు, నీ సంగతి ఇదా? ఉండు, పాత ఫోటోలోంచి నీ కళ్ళు తెచ్చి పెడతాను. రెండు నిమిషాల పని.”

శారోన్ ఆయన చేతిలోంచి మౌస్ లాక్కుంది.

“వద్దు మావయ్యా. కళ్ళు మూసుకుంటే మూసుకున్నాన్లే. అక్కడే ఉన్నాను కదా.”